ఇంగ్లీషు వాక్యానికి కీలెక్కడ?

ఇంగ్లీషులో 'సెంటెన్స్' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి వాక్యం. రెండోది కోర్టులో జడ్జిగారు వేసే శిక్ష. అభిప్రాయం, తీర్పు అనే అర్థాలిచ్చే 'సెంటెన్షియా' అన్న లాటిన్ మాట నుంచే రెండూ వచ్చాయి. తెలుగు మీడియం నుంచి మన కాలేజీకి వచ్చిన విద్యార్థుల్ని అడిగితే మాత్రం ఆ రెండర్థాలూ ఒకటేనంటారు. ఇంగ్లీషులో ఒక వాక్యం రాయమనడమూ, శిక్ష వెయ్యడమూ వాళ్ళకి వేరు వేరు కాదు.

నేనూ తెలుగు మీడియం బడిలోంచి వచ్చి, ఇంగ్లీషు చెప్పే ఉద్యోగంలో స్థిరపడ్డవాణ్ణే. క్లాసులో నేను ఏటేటా చూసే విచిత్రం ఒకటుంది. సింపుల్ సెంటెన్సును కాంప్లెక్సుగా మార్చమంటే అయిదుకి అయిదు మార్కులు తెచ్చుకునే కుర్రవాడు, ఆఫీసుకి నాలుగు వాక్యాల అర్జీ రాయమంటే పక్కవాడి మొహం చూస్తాడు. అతనికి రూల్సు రాక కాదు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం 1930లలో వెలువడింది. అప్పటినుంచీ తరాల తరబడి మనవాళ్ళు దాన్ని వల్లె వేస్తూనే వున్నారు. రూలు వచ్చు, ఆ రూలుకీ, పుట్టినప్పటినుంచీ నోట్లో ఆడుతున్న తెలుగు వాక్యానికీ తేడా ఎక్కడ వుందో ఎవరూ చూపించలేదు. కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. ఆ కీలు ఎక్కడుందో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

వాక్యమంటే ఏమిటి?

పూర్తి అర్థాన్నిచ్చే పదాల సముదాయం వాక్యం అని బళ్ళో చెబుతారు. పూర్తి అయిందని తెలిసేదెట్లా? దీనికి మన ప్రాచీనులే చక్కని సమాధానం చెప్పారు. వాక్యానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు లక్షణాలుండాలన్నారు. 'కుర్చీ, వాన, బస్సు' అంటే వాక్యం కాదు. ఒక మాట మరొక మాటను కోరటం లేదు కాబట్టి అక్కడ ఆకాంక్ష లేదు. 'నిప్పుతో మొక్కల్ని తడిపాడు' అంటే కుదరదు. నిప్పుకు తడిపే యోగ్యత లేదు. పొద్దున 'పుస్తకం' అని, సాయంత్రం 'తీసుకురా' అంటే ఎవరికీ అర్థం కాదు. ఆ మాటలకు సన్నిధి లేదు.

ఈ మూడింటిలో ఇంగ్లీషు నేర్చుకునేవాడు గట్టిగా పట్టుకోవలసింది ఆకాంక్షను. ఏ మాట ఏ మాటను కోరుతుందనేది భాష భాషకూ మారుతుంది. ఇంగ్లీషు వాక్యం రెండింటిని తప్పనిసరిగా కోరుతుంది: ఒక సబ్జెక్టు, అంటే కర్త, కాలాన్ని చూపే ఒక వెర్బు, అంటే సమాపక క్రియ. తెలుగు వాక్యానికి ఈ పట్టుదల లేదు.

'మా నాన్న రైతు' అంటాం. క్రియ లేదు. అయినా వాక్యం నిండుగా వుంది. దాన్నే 'మై ఫాదర్ ఫార్మర్' అంటే ఇంగ్లీషువాడి చెవికి కాలు విరిగిన కుర్చీలా వుంటుంది. మధ్యలో 'ఈజ్' పడాల్సిందే. అట్లాగే 'వచ్చాను' అన్నది మనకు ఒకే మాటలో పూర్తయిన వాక్యం. చివర వున్న 'ను' వచ్చింది నేనేనని చెప్పేస్తుంది. ఇంగ్లీషులో 'కేమ్' అంటే ఎవరు వచ్చినట్టు? నేనా, నువ్వా, వాళ్ళా? పాతకాలపు ఇంగ్లీషులో క్రియ చివర పురుషను తెలిపే ప్రత్యయాలు బాగానే వుండేవి. కాలక్రమాన అవి రాలిపోయి, మామూలు క్రియలకు వర్తమానంలో 'హీ కమ్స్' అనేటప్పటి 'స్' లాంటిది మాత్రమే మిగిలింది. ప్రత్యయాలు పోయినచోట కర్తను విడిగా చెప్పక తప్పలేదు.

ఈ నియమం ఎంత గట్టిదంటే, కర్త లేనిచోట కూడా ఇంగ్లీషువాడు ఒక కర్తను తెచ్చి కూర్చోబెడతాడు. 'ఇట్ ఈజ్ రెయినింగ్' అంటాడు. ఆ 'ఇట్' ఏమిటని అడిగితే జవాబు లేదు. అధ్యక్షుడు రాకపోతే సభ మొదలుపెట్టటానికి ఎవరో ఒక పెద్దమనిషిని ఆ కుర్చీలో కూర్చోబెడతాం గదా, అట్లాంటిదే అది. మనకు 'వాన పడుతోంది' అనటానికి వానే కర్త. అద్దెకు తెచ్చుకునే అవసరం రాలేదు.

చేసే పనిని బట్టి నాలుగు రకాలు

వాక్యం చేసే పనిని బట్టి నాలుగు రకాలంటారు: సంగతి చెప్పేది, ప్రశ్న అడిగేది, పని చెయ్యమనేది, ఆశ్చర్యం తెలిపేది. ఇంగ్లీషు పేర్లలో అసర్టివ్, ఇంటరాగేటివ్, ఇంపరేటివ్, ఎక్స్‌క్లమేటరీ. మొదటిదానికి నిర్వచనం అక్కర్లేదు. చిక్కంతా తక్కిన వాటితోనే.

ప్రశ్న వెయ్యటం తెలుగులో చాలా సుఖం. 'వచ్చాడు' అన్నదానికి దీర్ఘం తీస్తే 'వచ్చాడా' అయింది. ఏ మాట మీద అనుమానముంటే ఆ మాటకే ఆ దీర్ఘం తగిలించవచ్చు: 'రవా వచ్చింది?', 'నిన్ననా వచ్చింది?' ఇంగ్లీషులో మాటల వరస మారాలి. 'హీ ఈజ్ కమింగ్' అన్నది 'ఈజ్ హీ కమింగ్?' అవుతుంది. సహాయక్రియ లేకపోతే 'డు' అనేదాన్ని పిలుచుకు రావాలి: 'డిడ్ హీ కమ్?' కాలం గుర్తు 'డిడ్' మీదకు వెళ్ళిపోయింది కాబట్టి 'కేమ్' మళ్ళీ 'కమ్' అయింది. 'డిడ్ హీ కేమ్' అనేవాళ్ళు భూతకాలాన్ని రెండుసార్లు చెబుతున్నారన్నమాట.

ఈ వరస మార్పు స్వతంత్రంగా నిలబడే ప్రశ్నకే గాని, మరో వాక్యంలో ఇమిడిపోయిన ప్రశ్నకు కాదు. 'వేర్ ఈజ్ హీ?' సరే. అదే 'ఐ డోంట్ నో'తో మొదలైతే 'వేర్ హీ ఈజ్' అని మామూలు వరసకు వచ్చెయ్యాలి. ఎందుకంటే అక్కడ ఎవరూ ఎవరినీ ప్రశ్న అడగటం లేదు. 'అతనెక్కడున్నాడో నాకు తెలియదు' అనేటప్పుడు మనం కూడా 'ఉన్నాడు' అనకుండా 'ఉన్నాడో' అంటాం గదా! ఇమిడిన ప్రశ్నకు రూపం మారుతుందన్న సంగతి మన నాలుకకు తెలిసిందే.

మరో చోట జాగ్రత్త కావాలి. 'రవి రాలేదా?' అని అడిగితే 'అవును, రాలేదు' అంటాం. మీరన్నది నిజమే అని మన భావం. ఇంగ్లీషులో 'యెస్' అన్నది అడిగినవాడి మాటను బలపరచదు. మనం చెప్పబోయే వాక్యానికి అనుగుణంగా వుంటుంది. రానప్పుడు 'నో, హీ హాజంట్' అనాలి. ఇంటర్వ్యూలో 'నువ్వు ఈ సబ్జెక్టు చదవలేదా?' అని నిషేధరూపంలో ప్రశ్న వేసినప్పుడు 'యెస్' అని వూరుకున్న అభ్యర్థి చదవలేదని చెప్పాననుకుంటాడు, అడిగినవారు చదివాడనుకుంటారు.

మన 'కదా' కూడా ఇట్లాంటిదే. వస్తున్నావు కదా, తిన్నారు కదా, వాడు దొంగ కదా. అన్నింటికీ ఒకటే తోక. ఇంగ్లీషులో ప్రతి వాక్యానికీ దాని కొలతకు కుట్టిన తోక వుండాలి: 'యూ ఆర్ కమింగ్, ఆరంట్ యూ?', 'షీ లెఫ్ట్, డిడంట్ షీ?' మనం అన్నింటికీ 'ఈజంట్ ఇట్' తగిలిస్తాం. మన దేశపు వాడుకలో అది బాగా పాతుకుపోయింది. మాటల్లో చెల్లిపోతుంది గాని, పరీక్షలోనూ ఉత్తరంలోనూ చెల్లదు.

ఇక పని చెయ్యమనే వాక్యం. నా ఉద్దేశంలో మన విద్యార్థులకు నిజంగా నష్టం తెచ్చేది ఇదే. తెలుగులో మర్యాద అంతా క్రియలోనే వుంది. రా, రండి, ఇవ్వు, ఇవ్వండి. 'నా టి.సి. ఇవ్వండి సార్' అంటే చేతులు కట్టుకుని అన్నట్టే. ఆ వాక్యాన్నే ఇంగ్లీషులో పెట్టి 'గివ్ మి మై టి.సి.' అంటే, ఎదుటివాడికి అది బల్ల గుద్ది అడిగినట్టు వినిపిస్తుంది. ఆ క్రియకు 'అండి' లేదు. పైన 'సార్' అన్నా, ముందు 'కైండ్లీ' పెట్టినా ఆ మొరటుదనం పూర్తిగా పోదు. మరి ఇంగ్లీషువాళ్ళకు మర్యాద లేదా? వుంది. వాళ్ళు దాన్ని క్రియలో కాక వాక్యం రకంలో దాచుకున్నారు. ఆజ్ఞను ప్రశ్న రూపంలోకి మారుస్తారు: 'కుడ్ యూ గివ్ మి మై టి.సి., ప్లీజ్?' రూపానికి ప్రశ్న, పనికి ప్రార్థన. 'ఇవ్వగలరా' అని అడిగాడు గదా అని 'ఇవ్వగలను' అని వూరుకునేవాడు వుండడు. లేదా సంగతి చెప్పే వాక్యంగా మారుస్తారు: 'ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ గివ్ మి మై టి.సి.'

కాబట్టి నాలుగు రకాలనేవి నాలుగు గదులు కావు. వాక్యం రూపం ఒకటి, అది చేసే పని మరొకటి. ఒక రూపంతో మరో పని చేయించుకోవటం ఏ భాషలోనైనా వున్నదే. 'తలుపు తీసే వుందే' అని మన అమ్మమ్మ అంటే సంగతి చెప్పినట్టా, వెయ్యమన్నట్టా? ఆ తెలివి తెలుగులో మనకు పుష్కలంగా వుంది. ఇంగ్లీషులో అది ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకోకపోవటం వల్ల, పరమ వినయం గల కుర్రవాడు కాగితం మీద పొగరుబోతుగా కనిపిస్తాడు. అతని అర్జీ చదివేవారికి అతని వినయం కనిపించదు. వాక్యమే కనిపిస్తుంది.

ఆశ్చర్యం తెలిపే వాక్యానికి ఒక్క మాట చాలు. 'వాట్ ఎ బ్యూటిఫుల్ టెంపుల్ ఇట్ ఈజ్!' అనాలి, చివర 'ఈజ్ ఇట్' కాదు. 'వాట్' కనబడగానే ప్రశ్న అనుకుని వరస మార్చకూడదు. మన 'ఎంత' కూడా రెండు పనులూ చేస్తుంది: 'ధర ఎంత?', 'ఎంత అందం!'

నిర్మాణాన్ని బట్టి మూడు రకాలు

ఇప్పుడు పరీక్షల్లో ప్రాణాలు తీసే సింపుల్, కాంపౌండు, కాంప్లెక్సులకు వద్దాం. సొంత కర్తా, సమాపక క్రియా గల భాగాన్ని ఇంగ్లీషులో క్లాజు అంటారు. ఒకే క్లాజు వుంటే సింపుల్. సమాన హోదా గల రెండో మూడో క్లాజులు 'అండ్', 'బట్', 'ఆర్' లాంటి మాటలతో కలిస్తే కాంపౌండు. ఒకటి ప్రధానమై, మరొకటి దాని మీద ఆధారపడితే కాంప్లెక్సు.

తెలుగులో సామాన్యం, సంయుక్తం, సంక్లిష్టం అని హైస్కూల్లో చదువుకున్నాం గదా, అవే ఇవి అనుకుంటారు అందరూ. ఇక్కడే పెద్ద గోతిలో పడతారు. 'రవి అన్నం తిని బడికి వెళ్ళాడు' అన్నదాన్ని తెలుగు మాస్టారు సంక్లిష్ట వాక్యమన్నారు. 'తిని' అసమాపక క్రియ, 'వెళ్ళాడు' సమాపక క్రియ. దాన్నే 'హావింగ్ ఈటెన్ హిజ్ మీల్, రవి వెంట్ టు స్కూల్' అని ఇంగ్లీషులో రాస్తే, ఇంగ్లీషు మాస్టారు సింపుల్ సెంటెన్స్ అంటారు. అట్లాగే 'రవి, గోపి సినిమాకి వెళ్ళారు' అన్నది తెలుగులో సంయుక్తం. రెండు వాక్యాలను కలిపిందన్నారు. ఇంగ్లీషులో 'రవి అండ్ గోపి వెంట్ టు ది సినిమా' మళ్ళీ సింపులే.

ఇద్దరు మాస్టార్లలో ఎవరిదీ తప్పు కాదు. కొలబద్దలు వేరు. తెలుగు వ్యాకరణం ఎన్ని వాక్యాలు కలిసి ఈ వాక్యం తయారయిందని చూస్తుంది. బళ్ళో చెప్పే ఇంగ్లీషు వ్యాకరణం పైకి కనబడే సమాపక క్రియలను లెక్కపెడుతుంది. 'హావింగ్ ఈటెన్'కు కాలం లేదు, కర్త విడిగా లేదు. అందుచేత దాన్ని ఫ్రేజు కింద జమకట్టి, క్లాజు హోదా ఇవ్వదు. ఈ ఒక్క ముక్క పదో తరగతిలో ఎవరైనా చెబితే ఎంతమంది గందరగోళం తప్పేదో! తెలుగు వాక్య నిర్మాణాన్ని లోతుగా చూడాలనుకునే మిత్రులు 1975లో వచ్చిన చేకూరి రామారావుగారి 'తెలుగు వాక్యం' చదవండి. ఇంగ్లీషు వాక్యం అర్థం కావటానికి కూడా అది పనికొస్తుంది.

కీలు తోకలో వున్నదా, తలలో వున్నదా?

ఇప్పుడు అసలు కీలు దగ్గరికి వచ్చాం. ఈ నాలుగు జతలు చూడండి.

'వాన పడితే ఆట ఆగిపోతుంది.' 'ఇఫ్ ఇట్ రెయిన్స్, ది మ్యాచ్ విల్ స్టాప్.'

'నేను వచ్చేటప్పటికి రైలు వెళ్ళిపోయింది.' 'వెన్ ఐ కేమ్, ది ట్రెయిన్ హాడ్ లెఫ్ట్.'

'వస్తానని చెప్పాడు.' 'హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్.'

'నిన్న వచ్చిన అబ్బాయి మా తమ్ముడు.' 'ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై బ్రదర్.'

తెలుగులో రెండు భాగాలను కలిపే కీలు మొదటి భాగం తోకలో వుంది: 'పడితే'లో 'తే', 'వస్తానని'లో 'అని', 'వచ్చిన'లో 'ఇన'. ఇంగ్లీషులో ఆ కీలు ఆధారపడే భాగం తలలో వుంది: 'ఇఫ్', 'వెన్', 'దట్', 'హూ'. మనం భాగమంతా చెప్పి చివర దాన్ని తగిలిస్తాం. వాళ్ళు కొక్కెం ముందు చూపించి తరవాత భాగం చెబుతారు. మన సమాపక క్రియ వాక్యం చిట్టచివర కూర్చుంటుంది. వాళ్ళది కర్తను వదిలిపెట్టకుండా వెంటనే వస్తుంది.

ఇది తెలిస్తే మన తప్పుల్లో సగం ఎక్కడ పుడుతున్నాయో తెలిసిపోతుంది. సెలవు చీటీ తీసుకోండి. 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టేవారు ఎందరో. కర్త వుంది, క్రియ వుంది, ఇంకేం కావాలి అనుకుంటారు. తలలో వున్న 'యాజ్' అనే కొక్కేన్ని చూడలేదు. 'నాకు జ్వరంగా వుండటం చేత' అని తెలుగులో ఆగిపోతే 'చేత... ఏమిటి?' అని ఎవరైనా అడుగుతారు. ఆకాంక్ష తీరలేదు. ఇంగ్లీషు వాక్యంలో ఆ ఆకాంక్ష మొదట్లోనే పుట్టి, రెండో భాగం వచ్చేదాకా తీరదు. 'ఐ కెనాట్ అటెండ్ ది క్లాస్' అన్నది కలిపినప్పుడే అది వాక్యం.

మరో తప్పు రెండు కీళ్ళు బిగించటం. 'ఎందుకంటే నాకు జ్వరం కాబట్టి' అని మాటల్లో ఇటూ అటూ రెండువైపులా కడతాం. 'బీదవాడైనాగాని నిజాయితీపరుడు' అంటాం. ఆ అలవాటు ఇంగ్లీషులోకి వచ్చి 'దో హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్' అవుతుంది. ఇంగ్లీషులో ఒక తలుపుకు ఒక బందే. 'దో' వుంటే 'బట్' తీసెయ్యాలి. 'బట్' వుంటే 'దో' తీసెయ్యాలి. మొదటిది వుంచితే కాంప్లెక్సు, రెండోది వుంచితే కాంపౌండు.

మార్చినప్పుడు ఏది మారుతుంది?

'హీ ఈజ్ పూర్, బట్ హీ ఈజ్ ఆనెస్ట్' కాంపౌండు. 'దో హీ ఈజ్ పూర్, హీ ఈజ్ ఆనెస్ట్' కాంప్లెక్సు. 'ఇన్‌స్పైట్ ఆఫ్ హిజ్ పావర్టీ, హీ ఈజ్ ఆనెస్ట్' సింపుల్. అర్థం మారకుండా మార్చమంటాడు పరీక్షాధికారి. సంగతి మారదు, నిజమే. బరువు మారుతుంది. కాంపౌండులో రెండు సంగతులూ పక్కపక్కన కూర్చుంటాయి. కాంప్లెక్సులో ఒకటి గద్దె మీద, ఒకటి కింద. సింపుల్ చేస్తే బీదరికం అనేది వాక్యం హోదా కూడా పోగొట్టుకుని ఒక నామవాచకంగా మిగిలింది.

దీనివల్ల ఏమొస్తుందంటారా? ఒక విద్యార్థికి ఉద్యోగం కోసం ఇద్దరు సర్టిఫికెట్ రాశారనుకోండి. ఒకరు 'దో హీ ఈజ్ స్లో, హీ ఈజ్ యాక్యురేట్' అన్నారు. మరొకరు 'దో హీ ఈజ్ యాక్యురేట్, హీ ఈజ్ స్లో' అన్నారు. ఇద్దరూ చెప్పింది ఒకే రెండు సంగతులు: పని నిదానం, తప్పులుండవు. మొదటి కాగితం చదివిన అధికారి రమ్మంటాడు. రెండోది చదివినవాడు ఆలోచిద్దామంటాడు. వ్యాకరణ రీత్యా రెండూ కాంప్లెక్సే, రెంటికీ మార్కులు సమానమే. తేడా అంతా ఏ సంగతిని ప్రధాన క్లాజులో పెట్టారన్నదానిలో వుంది. క్లాజుల్ని గుర్తుపట్టి కింద గీత గీయటం నేర్పి, ఏ సంగతిని ఎక్కడ కూర్చోబెట్టాలో నేర్పకపోతే ఆ చదువు సగం చదువే.

చదివేటప్పుడు కూడా ఇదే తాళంచెవి. పాఠ్యపుస్తకంలో ఆరు లైన్ల వాక్యం ఎదురైతే బెదిరిపోకండి. ముందు కాలం చూపే క్రియలన్నిటినీ వెతకండి. ఒక్కొక్క క్రియకూ కర్త ఎవరో చూడండి. 'ఇఫ్', 'వెన్', 'దో', 'బికాజ్', 'హూ', 'విచ్', 'దట్' లాంటి కొక్కేలకు చుట్టూ సున్నా చుట్టండి. కొక్కెం లేని క్లాజు ఏదైతే మిగిలిందో అదే ప్రధానం. తక్కినవన్నీ దానికి వేలాడుతున్నవే. కొక్కెం లేని క్లాజులు రెండుంటే వాటి మధ్య 'అండ్'గాని 'బట్'గాని వుంటుంది. ఒక్కోసారి 'దట్' వంటివి కనబడకుండా దాక్కుంటాయి. 'హీ సెడ్ హీ వుడ్ కమ్' అన్నచోట అంతే. అక్కడ కూడా రెండు క్రియలు, ఇద్దరు కర్తలు కనబడతారు కాబట్టి పట్టేసుకోవచ్చు.

రాసేటప్పుడు తెలుగులో ఆలోచించవద్దని కొందరు సలహా చెబుతారు. నాకా సలహా నచ్చదు. తెలుగులో పుట్టి పెరిగినవాడు తెలుగులో కాక ఎందులో ఆలోచిస్తాడు? హాయిగా తెలుగులోనే ఆలోచించండి. కాగితం మీద పెట్టేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. కర్త కుర్చీలో ఎవరైనా కూర్చున్నారా? కాలం చూపే క్రియ వుందా? తోకలో వున్న కీలును తలలోకి తెచ్చి, ఒక్కసారే బిగించానా? ఈ మూడింటికీ అవునని జవాబొస్తే, ఆ వాక్యం పేరు సింపులో కాంప్లెక్సో మీకు తెలియకపోయినా మునిగిపోయిందేమీ లేదు. అది నిలబడుతుంది.

వాక్యం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయి, సిగ్గుతో తల దించుకునే విద్యార్థినీ విద్యార్థులు ప్రతి క్లాసులోనూ వున్నారు. వాళ్ళకు తెలివి తక్కువని అటు తోటివాళ్ళూ, ఇటు వాళ్ళూ నమ్మేస్తున్నారు. అది పచ్చి అబద్ధం. 'తిని, తాగి, పడుకుని, లేచి, వెళ్ళాడు' అని అయిదు పనుల్ని ఒక్క ఊపిరిలో, ఒక్క తడబాటు లేకుండా గుదిగుచ్చగల నోరు వాళ్ళది. అంత కట్టడం ఎరిగినవారికి కొక్కేన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి మార్చటం ఎంత పని? పరీక్ష అయిపోయినా సరే, ఎవరైనా నా గదికి కాగితం పట్టుకుని రావచ్చు. కూర్చుని కొక్కేలు వెతుకుదాం.